సందుల్లోంచి వెలుతురు కనిపిస్తున్న పాత చెక్క పడవ: పని ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ. పదిహేనడుగుల పాత చెక్క పడవ కొన్నేళ్లుగా చిన్న పొడి షెడ్డులో పడి ఉంది, పని చేసేది మీరొక్కరే. పలకల సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోంది. సందులన్నీ ఎపాక్సీతో, అంటే ఆరితే రాయిలా గట్టిపడే జిగురుతో నింపేసి, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ అతికిస్తే నీళ్లు రాకుండా ఉంటాయా అని.

వద్దు. ఆ ఎపాక్సీ డబ్బా మూత అసలు తీయకండి. సందులు తెరుచుకోవడం పడవకి జబ్బు కాదు, అది దాహం. జబ్బు ఉంటే రిబ్బుల్లోనో (పలకల్ని లోపలి నుంచి పట్టి ఉంచే వంపు కర్రలు), మేకుల్లోనో, వెన్నుదూలం (అడుగున పొడవునా సాగే దూలం) దగ్గరో ఉంటుంది. సందుల పని అన్నిటికన్నా చివర వస్తుంది.

కర్ర ఆరినప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, వెడల్పులో మాత్రం బాగా తగ్గుతుంది. 150 మిల్లీమీటర్ల పలకలో తేమ 25 శాతం నుంచి 10 శాతానికి పడితే, జాతిని బట్టీ కోసిన తీరుని బట్టీ సుమారు 3 నుంచి 6 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. నీళ్లలోకి దిగగానే ఆ మేరా తిరిగి ఉబ్బుతుంది. ఈలోగా ఆ జాగాలో మీరు రాయిలాంటి ఎపాక్సీ పోసి ఉంచితే ఉబ్బే పలకకి చోటుండదు. అంచులు నలిగిపోతాయి, లేదా మేకులు ఊడతాయి, లేదా రిబ్బులు ఫట్‌మని విరుగుతాయి. మళ్లీ ఆరినప్పుడు ఎపాక్సీ పక్కనే ఇంకా పెద్ద సందు తెరుచుకుంటుంది.

ఫైబర్‌గ్లాస్ సంగతీ అంతే. బయట చర్మం కదలదు, లోపల కర్ర కదులుతుంది, కొన్నాళ్లకి రెండూ విడిపోతాయి. ఆ మధ్యలో చేరిన వాన నీరు బయటికి రాలేక కర్రని చివికిస్తుంది. ప్లైవుడ్ పడవకైతే గుడ్డ వేయొచ్చు, ఎందుకంటే ప్లైవుడ్ పెద్దగా కదలదు. విడి పలకల పడవకి మాత్రం కాదు. పడవ కదలడానికే కట్టింది. 1893లో గోక్‌స్టాడ్ అనే పాత వైకింగ్ ఓడ నమూనాగా కట్టిన పడవలో నార్వే నుంచి అమెరికాకి అట్లాంటిక్ దాటిన కెప్టెన్ మాగ్నస్ ఆండర్సన్, అలల మీద దాని పై అంచు ఆరంగుళాల దాకా మెలి తిరిగేదనీ, అయినా పడవ నీళ్లు పట్టలేదనీ రాశాడు.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ పలకలు అంచుకి అంచు ఆని ఉన్నాయా, పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయా? మొదటి రకం కార్వెల్, రెండోది క్లింకర్. నీరు రాకుండా సందుల్లో దూది దట్టించే పని కార్వెల్‌కే. క్లింకర్ పలకల మధ్య దూదీ లప్పమూ దూర్చారంటే, అది గసికలా పనిచేసి పలకల్ని విడదీస్తుంది. పాడైన పడవల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. క్లింకర్‌కి కావలసింది రివెట్లు, అంటే కొస విచ్చగొట్టిన రాగి మేకులు బిగించడం, నానబెట్టడం.

ఇక పని. మొదట ఆకారం. పాత పడవ నడుం లేచి రెండు చివర్లూ కుంగుతాయి. వెన్నుదూలం పక్కన ఈ చివర నుంచి ఆ చివరికి దారం బిగించి కట్టి, ప్రతి అడుగుకీ ఎడం కొలిచి రాసుకోండి. పది మిల్లీమీటర్ల లోపు తేడా అయితే దిమ్మెలు సర్ది, రోజుకి కొంచెం చొప్పున దించొచ్చు. పడవ బరువు వెన్నుదూలం మీదే ఉండాలి, కనీసం నాలుగు చోట్ల దిమ్మెలుండాలి. పక్క ఆనింపులు పడవ ఒరగకుండా ఆపడానికే, బరువు మోయడానికి కాదు. తర్వాత మూడు నాలుగు చోట్ల లోపలి వంపుకి సరిపోయేలా ప్లైవుడ్ అచ్చులు కోసి బిగించండి, అంచు నుంచి అంచుకి అడ్డపట్టీలు కొట్టండి. ఇది చేయకుండా నాలుగు రిబ్బులు తీశారా, పలకలు తమకిష్టమైన చోటికి పోతాయి. ఆపైన మీరు పెట్టే కొత్త రిబ్బులన్నీ ఆ తప్పు ఆకారాన్నే శాశ్వతం చేస్తాయి.

చిన్న షెడ్డు అన్నారు. పడవ చుట్టూ మీటరు జాగా ఉంటే చాలు. మట్టి నేలయితే మరీ మంచిది, కొంత తేమ ఇస్తుంది. సిమెంటు నేలైతే కింద తడి గోనెలు పరవండి. ఫ్యాను, హీటరు, కిటికీలోంచి పడే ఎండ ఏవీ తగలకూడదు. కప్పు నుంచి ఒకే చోట పడే వాన చుక్క వీటన్నిటికన్నా ప్రమాదం. చివుకు తెచ్చే బూజుకి ఉప్పునీటికన్నా మంచినీళ్లే ఇష్టం, కర్రలో తేమ 20 శాతం దాటి, గాలి ఆడకపోతే చాలు.

పాత రంగు గీకేటప్పుడు అందులో సీసం ఉందనే అనుకోండి. పొడిగా ఇసుక కాగితం వేయొద్దు, మంటతో కాల్చొద్దు. తడిపి గీకుడు బిళ్లతో తీయండి, మంచి మాస్కు పెట్టుకోండి, గీకిన పొట్టు ప్లాస్టిక్ పట్టా మీద పడేలా చూసి మూటగట్టి పారేయండి.

చివుకు వెతకడానికి తేమ కొలిచే మీటరు కన్నా సన్నని మొనదేలిన స్క్రూడ్రైవరు మేలు. మొనని కర్ర చారకి (కర్రలో నార సాగే దిశకి) అడ్డంగా రెండు మిల్లీమీటర్లు గుచ్చి, పిడిని కిందికి వంచి ఒక పెచ్చు లేపండి. మంచి కర్రలో పెచ్చు పొడుగ్గా పుల్లలా లేస్తుంది, ఒక కొస అంటుకునే ఉంటుంది. చివికినదైతే లేవనే లేవదు, బిస్కెట్ ముక్కలా పుటుక్కున తెగి పొడి అయిపోతుంది. పైన రంగు నున్నగా ఉన్నా ఈ పరీక్షకి దాగదు. చూడాల్సిన చోట్లు: రిబ్బుల పాదాలు, ఎందుకంటే చెత్తా నీరూ అక్కడే నిలుస్తాయి, వెనక పలక మూలలు, ముక్కు దూలంలో పలకల కొసలు దిగే గాడి, పై అంచు పట్టీ కింద, వెన్నుదూలాన్ని ఆనుకున్న మొదటి పలక, అంటే గార్బోర్డ్. చివికిన చోటు దొరికాక దానికి అన్ని వైపులా ఒక జానెడు గట్టి కర్ర వచ్చేదాకా కోసేయాలి. మెత్తబడిన కర్రలో పల్చటి రెసిన్ పోసి గట్టిపరిచే మందులు అమ్ముతారు. అలంకారపు పట్టీకైతే సరే, మేకు పట్టాల్సిన చోట నేను వాడను.

మేకులు. ఒకటి రెండు పీకి చూడండి. ఇనుపవైతే చుట్టూ కర్ర నల్లబడి మెత్తబడి ఉంటుంది, ముఖ్యంగా ఓక్ లాంటి, టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువున్న కర్రలో. ఇత్తడి స్క్రూ గీరితే గులాబీ రంగు కనిపించిందంటే అందులో జింకు పోయి గుల్లగా మిగిలిందని అర్థం, తిప్పితే తల తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తళతళలాడుతుంది గానీ నీటి మట్టం కింద, గాలి అందని తడి కర్రలో గుంటలు పడి లోలోపలే తినేస్తుంది. నీటి కింద రాగి రివెట్లు, సిలికాన్ కంచు స్క్రూలు వాడండి. ముందున్నది రాగి అయితే రాగే, కంచైతే కంచే. ఉప్పునీళ్లలో రాగి పక్కన ఇనుము పెడితే ఇనుము కరిగిపోతుంది.

రిబ్బులు ఎక్కువగా పడవ పొట్ట మలుపు దగ్గర విరుగుతాయి. ఒకటి విడిచి ఒకటి మార్చండి, వరసగా తీయొద్దు. కొత్త రిబ్బుకి పచ్చి కర్ర లేదా గాలికి ఆరిన కర్ర కావాలి, బట్టీలో ఆరబెట్టింది వంచితే విరుగుతుంది. చారలు ఈ కొస నుంచి ఆ కొసకి తెగకుండా సాగాలి, పక్కకి జారిపోయే చార ఉన్నచోటే పగులుతుంది. చెట్టు పెరుగుదల వలయాల పొరలు పలకకి సమాంతరంగా ఉండేలా పెడితే వంగడమూ తేలిక, మేకు దిగినప్పుడు చీలడమూ తక్కువ. ఆవిరి పెట్టె చెక్కతో చేసిన పొడుగాటి డబ్బా చాలు. ఒక కొస కొంచెం వాలుగా, నీరు కారడానికి చిన్న బెజ్జం, తలుపుకి బదులు గుడ్డ. గాలి చొరకుండా బిగించారో అది బాంబు అవుతుంది. అంగుళం మందానికి గంట లెక్కన, 12 మిల్లీమీటర్ల రిబ్బుకి అరగంట పైచిలుకు. ఎక్కువసేపు ఉంచినా కర్ర బలం తగ్గుతుంది. బయటికి తీశాక మీ చేతిలో ఉండే సమయం అర నిమిషం కూడా కాదు, అందుకని క్లాంపులు తెరిచి వరసగా పెట్టుకుని, దారి ఖాళీ చేసుకుని, మందపాటి తొడుగులు వేసుకున్నాకే పెట్టె తెరవండి. రెండు మూడు అదనంగా కోసి ఉంచండి, కొన్ని విరుగుతాయి.

రివెట్టు కొట్టడం ఒక్కరి పని కాదు. మీరొక్కరే అన్నారు, ఈ ఒక్క పనికి ఎవరినైనా పిలుచుకోండి. నలుచదరపు రాగి మేకు పక్కకొలత ఎంతో అంతే రంధ్రం వేయండి, మేకు మూలలు కర్రని కరుచుకోవాలి. ముందు వ్యర్థపు ముక్క మీద చూసుకోండి. బయటి నుంచి మేకు కొట్టాక, ఒకరు బయట మేకు తలకి బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. లోపల రెండోవారు రాగి బిళ్లని మేకు మీదకి ఎక్కించి, మధ్యలో బొక్క ఉన్న పంచితో కర్రకి ఆనేలా దించుతారు. మిగిలిన మేకుని బిళ్ల పైన మేకు మందమంత ఉంచి కత్తిరించాలి. తర్వాత గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో చుట్టూతా తేలిగ్గా, టకటకా పది పదిహేను దెబ్బలు. కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. తొందరపడి మూడు గట్టి దెబ్బలు వేస్తే పైకి రివెట్టు బాగానే కనిపిస్తుంది కానీ లోపల మేకు కర్ర మధ్యలో ఒంగిపోతుంది, పడవ మొదటి కుదుపుకే అది నిటారై వదులవుతుంది. మంచి రివెట్టుని బయట నుంచి కొడితే చప్పుడు గట్టిగా, పొట్టిగా ఉంటుంది.

పలక మార్చాల్సి వస్తే ఒకేసారి ఒక్కటే. పాతదాన్ని కడ్డీతో పెకలించొద్దు, పక్క పలక అంచు పోతుంది. బిళ్ల మీద రివెట్టు కొసని గ్రైండరుతో అరగదీసి మేకుని బయటికి తట్టండి. పాత పలక ముక్కలైనా పారేయొద్దు, కొత్తదానికి అదే నమూనా. కానీ అది ఎండి కుంచించుకుపోయి ఉంటుంది కాబట్టి వెడల్పు మాత్రం పడవ మీదున్న ఖాళీ కొలిచి తీసుకోండి. మొత్తం మార్చనక్కర్లేకపోతే ఏటవాలు అతుకు వేయొచ్చు, మందానికి ఎనిమిది రెట్ల పొడవు ఉండాలి, అంటే 15 మిల్లీమీటర్ల పలకకి 120. ఈ అతుకులో ఎపాక్సీ వాడటానికి నాకు అభ్యంతరం లేదు, అక్కడ కర్ర కర్రతో కలిసే కదులుతుంది. పక్కపక్క పలకల అతుకులు ఒకే రిబ్బు దగ్గర పడకుండా చూసుకోండి.

ఇప్పుడు సందులు, మీది కార్వెల్ అయితే. సందు లోపలి వైపు పలకలు ఒకదానికొకటి ఆనాలి, బయటి వైపు సన్నని ఇంగ్లీషు V ఆకారంలో తెరుచుకోవాలి. 20 మిల్లీమీటర్ల పలకకి బయట 2 నుంచి 3 మిల్లీమీటర్లు. పాత దూదిని కొక్కెంతో లాగేయండి, రంపంతో మాత్రం వెడల్పు చేయొద్దు. శుభ్రం చేసిన సందుకి పల్చటి ప్రైమరు పూసి ఆరనివ్వండి. తర్వాత కాకింగ్ దూది (సందుల్లో దట్టించడానికి వాడే దూది) పోగుని ఉలిలాంటి మొద్దు ఇనుముతో చిన్న చిన్న మడతలుగా దూర్చి, రెండో విడత కొయ్య సుత్తితో దట్టించాలి. దూది సందు లోతులో సుమారు సగం దగ్గర తాడులా బిగుసుకోవాలి. చెవి పెట్టి వినండి. మొదట బోలుగా వచ్చే చప్పుడు దూది బిగిసేకొద్దీ గట్టిపడుతుంది, అక్కడితో ఆపాలి. ఇంకా కొడితే దూది అవతలికి దూరిపోతుంది, లేదా పలకే రిబ్బు నుంచి లేస్తుంది. చేయి తిరగనివాళ్లు తక్కువ కొట్టి కాదు, ఎక్కువ కొట్టే పాడుచేస్తారు. అంగుళం కన్నా మందపు పలకలకి దూదితో పాటు తారు పట్టించిన నార వాడతారు, మీ పడవకి అక్కర్లేదు.

దూది మీద మరోసారి ప్రైమరు తాగించి, ఆపైన లప్పం. బరువు లెక్కన ఆరు పాళ్లు సుద్దపొడి, ఒక పాలు అవిసెనూనె, చపాతీ పిండిలా పిసకండి. పలక మట్టానికి నింపొద్దు, కొంచెం పల్లంగా లాగేయండి. నీళ్లలో సందు మూసుకున్నప్పుడు అది బయటికి ఉబికి మట్టానికి వస్తుంది. పైన పొర కట్టాకే రంగు. అవిసెనూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, బయట విడివిడిగా ఆరేయండి లేదా నీళ్ల డబ్బాలో వేయండి.

దింపే ముందు వారం రోజులు లోపల తడి గోనెలు పరిచి, ఉదయం సాయంత్రం తడపండి. గట్టు మీదుండగా పడవ నిండా నీళ్లు పోసే తప్పు చేయొద్దు. నాలుగు చదరపు మీటర్ల అడుగు మీద 15 సెంటీమీటర్ల నీరంటే 600 కిలోలు, అది లోపలి నుంచి పలకల్ని మేకుల మీద నుంచి తోస్తుంది. నడుంలోతు నీళ్లలోకి దింపి, తాళ్లతో కట్టి, పంపు పెట్టి వదిలేయండి. మొదటి గంటల్లో జల్లెడలా కారుతుంది, కంగారుపడి పైకి లాగొద్దు. మర్నాటికి చెమ్మగా మిగలాలి, మూడో రోజుకి దాదాపు ఆగాలి. అప్పటికీ ఒకే చోట నుంచి ధార వస్తుంటే అది సందు కాదు, వదిలిన మేకో పగిలిన పలకో. లోపలి నుంచి సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని అప్పుడు పైకి తీయండి, ఆరాక ఆ చోటు దొరకదు.