బర్నౌట్ చేసేటప్పుడు వెనక టైర్లలో గాలి ఎంత ఉండాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వెనక చక్రాలకు శక్తి అందే మామూలు సెడాన్, సుమారు 150 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు, ఓపెన్ డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని వెనక రెండు చక్రాలకు పంచుతూ, అవి వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక). నిర్వాహకుల అనుమతితో, మూసి ఉంచిన ట్రాకులో పాత టైర్లతో బర్నౌట్ చేయబోతున్నారు, అంటే కారును కదలనివ్వకుండా వెనక చక్రాలను నేల మీద జారుస్తూ పొగ వచ్చేలా తిప్పబోతున్నారు. 20 పీఎస్‌ఐ (టైరులో గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) పెట్టమని ఒకరు, 60 పెట్టమని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

మీ కారు విషయంలో ఇద్దరి మాటా వినవద్దు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు వెనక రెండింటిలోనూ 40 పెట్టి మొదలుపెట్టండి. చక్రం తిరగడానికి ఇంజిన్ ఇంకా ఇబ్బంది పడుతుంటే రెండేసి పీఎస్‌ఐ చొప్పున పెంచండి. టైరు పక్క గోడ మీద ముద్రించిన గరిష్ఠాన్ని మాత్రం దాటవద్దు. నేను వాడిన టైర్ల మీద అది చాలావరకు 44 అనో 51 అనో ఉండేది. మీ టైరు మీద ఏముందో కూర్చుని, లైటు వేసి, తుడిచి మరీ చదవండి.

20 అన్న సలహా డ్రాగ్ రేసుల నుంచి, అంటే తిన్నని దారిలో నిలిచిన చోటు నుంచి దూసుకెళ్లే పోటీల నుంచి వచ్చింది. అక్కడ బర్నౌట్ చేసేది టైరును వేడెక్కించి, పైన అంటిన దుమ్మును వదిలించుకోవడానికి. అదంతా కొన్ని సెకన్ల పని. ఆ తరువాత అదే టైరు నేలను గట్టిగా పట్టుకుని కారును ముందుకు తోయాలి. అందుకే గాలి తగ్గిస్తారు, టైరు పరచుకుని నేలకు ఎక్కువగా ఆనుతుంది. వారు వాడే టైర్ల నిర్మాణమే వేరు, పక్క గోడలు అలా ముడుచుకోవడానికే తయారవుతాయి. మీకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. టైరు పట్టు వదిలి, ఒకేచోట తిరుగుతూ పొగ రావాలి.

ఈ తేడా తెలియక నేను మొదటిసారి 20 పెట్టాను. నేరుగా నిలబడి తిప్పినంతసేపు బాగానే ఉంది, కాకపోతే ఇంజిన్ మూలిగింది, క్లచ్ కాలిన వాసన వచ్చింది. ఆ తరువాత స్టీరింగ్ కొద్దిగా తిప్పి కారు వెనక భాగాన్ని పక్కకు జరిపాను. టైరు అంచు రిమ్ము గాడిలోంచి జారిపోయింది. ఒక్క క్షణంలో గాలంతా పోయి, రిమ్ము కాంక్రీటు మీద గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. దిగి చూస్తే రిమ్ము పెదవి అరచేయంత పొడవున అరిగి కత్తి అంచులా తేలింది. టైరు అంచును గాడిలో పట్టి ఉంచేది లోపలి గాలే. ఆ గాలి తక్కువైనప్పుడు పక్కకు లాగే బలం పడితే అది నిలబడదు.

తరువాత 30తో ప్రయత్నించాను, ఆపై 42తో. కారు అదే, నేల అదే, తేడా మాత్రం స్పష్టంగా తెలిసింది. 30 దగ్గర క్లచ్ వదలగానే ఇంజిన్ వేగం పడిపోయేది, ఒక్కోసారి ఆగిపోయేది. 42 దగ్గర చక్రం వెంటనే జారి తిరగసాగింది. గాలి పెరిగితే టైరు నేలకు ఆనే చోటు తగ్గుతుంది, బరువంతా ఆ చిన్న చోటి మీదే పడుతుంది. అలా ఒత్తిడి పెరిగేకొద్దీ రబ్బరు పట్టు కొంత తగ్గడం దాని సహజ గుణం. తక్కువ శక్తి గల కారుకు ఈ చిన్న సాయమే చాలు. 400 హార్స్‌పవర్ ఉన్నవారికి ఇదంతా పెద్ద విషయం కాదు, వారి చక్రాలు ఎలాగైనా తిరుగుతాయి.

మరి 60 ఎందుకు వద్దు? మొదటి కారణం వేడి. 25 డిగ్రీల దగ్గర 40 పీఎస్‌ఐ పెట్టారనుకోండి. లోపలి గాలి 100 డిగ్రీలకు చేరితే అది దాదాపు 54 అవుతుంది. బయటి వాతావరణ పీడనం 14.7ను కలిపి, ఉష్ణోగ్రత నిష్పత్తిలో పెంచి, మళ్లీ తీసివేస్తే వచ్చే లెక్క ఇది. అదే 60తో మొదలుపెడితే 79 దాకా వెళుతుంది. టైరు గోడ మీది గరిష్ఠం చల్లని టైరుకు చెప్పినది కాబట్టి, వేడికి కొంత పెరగడం మామూలే. కానీ గరిష్ఠాన్ని ముందే దాటి, దాని మీద ఇంత పెరుగుదలను మోపితే, పైనుంచి రబ్బరు కరిగిపోతున్న టైరుకు మిగిలే బలం ఎంత?

రెండో కారణం అరుగుదల. గాలి ఎక్కువైన టైరు నడుమ ఉబ్బుతుంది, ఆ నడుమే ముందు అరుగుతుంది. అంచుల్లో గాడులు ఇంకా లోతుగా కనిపిస్తుంటే, మధ్యలో రబ్బరు పోయి దారాలు, ఉక్కు తీగలు బయటపడతాయి. దూరం నుంచి చూసేవారికి టైరులో ఇంకా సగం ఉన్నట్టే అనిపిస్తుంది.

మూడోది చక్రం వేగం. చాలామంది పట్టించుకోనిది, నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. మీది ఓపెన్ డిఫరెన్షియల్ కాబట్టి, సాధారణంగా ఒక చక్రం నిలిచిపోయి రెండోది మాత్రమే తిరుగుతుంది. గేర్‌బాక్సు నుంచి వేగాన్ని లెక్కించే స్పీడోమీటరు అయితే, అందులో 75 కనిపిస్తున్నప్పుడు తిరిగే చక్రం గంటకు 150 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. 31 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల టైరు ఆ వేగంతో తిరుగుతుంటే, ట్రెడ్‌లోని (నేలకు ఆనే పై పొరలోని) ఒక్కో గ్రాము రబ్బరూ అరకిలోకు మించిన బరువుతో బయటికి లాగుతుంది. స్పీడోమీటరులో 100 వచ్చిందంటే అసలు వేగం 200. టైరు మీద టి అన్న వేగపు గుర్తు ఉంటే దాని హద్దు 190 మాత్రమే, అదీ సరైన గాలి ఉన్న మంచి టైరుకు. బురదలోనో మంచులోనో కూరుకుపోయిన కారును బయటికి తీసేటప్పుడు స్పీడోమీటరులో 55 దాటనివ్వవద్దని టైరు కంపెనీలు హెచ్చరించేది ఇందుకే. అందువల్ల గాలి అంకె గురించి ఆలోచించినంత శ్రద్ధగా, ఏ గేరులో ఎంతసేపు తిప్పాలన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. నేను రెండో గేరు దాటను, ఒక్కో విడత పది సెకన్లకు మించనివ్వను. ఎక్కువసేపు తిప్పితే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు కూడా దెబ్బతింటాయి.

అంకె సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి నాకు ఒక సుద్దముక్క చాలు. ముందుగా టైరు పక్క గోడ నుంచి రిమ్ము మీదికి ఒక గీత గీస్తాను. మొదటి విడత అయ్యాక ఆ గీత విరిగి రెండు ముక్కలు పక్కకు జరిగితే, టైరు రిమ్ము మీద జారుతోందన్న మాట. అప్పుడు ఆపేసి, చల్లారాక గాలి పెంచాలి. ఇంకో గీత ట్రెడ్‌కు అడ్డంగా గీసి, కారును చక్రం ఒక చుట్టు తిరిగేంత దూరం నెమ్మదిగా నడిపి చూస్తాను. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులు ముందు చెరిగితే తక్కువ. నడుమ బాగా చెరిగి అంచులు మసకబారితే బర్నౌట్‌కు సరిపోతుంది.

ముందు టైర్లలో కారు తయారీదారు చెప్పినంతే ఉంచండి, బ్రేకు వేసి కారును పట్టి ఉంచేవి అవే. వెనక రెండింటిలో ఒకే అంకె ఉండాలి, ఒకే గేజితో చూడాలి. నైట్రోజన్ నింపితే పీడనం పెరగదన్న మాట నమ్మవద్దు. పొడి గాలి ఎంత పెరుగుతుందో అదీ దాదాపు అంతే పెరుగుతుంది.

పాత టైర్లు అన్నారు కాబట్టి వాటి వయసు చూడండి. పక్క గోడ మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది, 3518 అంటే 2018లో 35వ వారం. గోడ మీద పగుళ్లు, ఉబ్బు కనిపిస్తే ఆ టైరును బర్నౌట్‌కు కూడా వాడవద్దు. తిరిగే చక్రానికి ఎదురుగా, వెనక, పక్కన ఎవరూ నిలబడకూడదు. ట్రెడ్ ఊడితే ఆ పట్టీ మడ్‌గార్డును చీల్చుకుని బ్రేకు గొట్టం దాకా వెళ్లగలదు.

విడత అయ్యాక గేజి పెడితే అంకె పెరిగి కనిపిస్తుంది. కంగారుపడి గాలి తీయకండి, టైరు చల్లారేసరికి తక్కువైపోతుంది, తరువాతి విడతలో అంచు జారుతుంది. అరగంట ఆగండి. తిరిగి వెళ్లడానికి వేరే టైర్లు వెంట తెచ్చుకోండి. బర్నౌట్ చేసిన టైర్లతో రోడ్డెక్కవద్దు.