మారతహళ్ళి ఇంటికి టోకెన్ కట్టే ముందు

అమ్మలూ,

నీకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు, ఆగలేక ఎదురింటావిడకి కూడా చెప్పొచ్చాను. ఆ తర్వాత "ఇల్లు కూడా నెట్‌లోనే చూసేసుకుంది, రేపు టోకెన్ కట్టేస్తుందట" అన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మారతహళ్ళిలో, మెయిన్ రోడ్డు పక్కన, అంత పెద్ద బాల్కనీతో 14 వేలకా? 10 నెలల అద్దె అడ్వాన్సు అడగడం అలవాటున్న ఊరు ఇది. ఈ ఇంటి ఓనరు ఒక్క నెల చాలంటున్నాడు. ఇన్నాళ్ళలో అలాంటి ధర్మాత్ముడు నా కంట పడలేదే! పైగా ఆయన దుబాయ్‌లో ఉన్నాడు, లోపలికి వెళ్ళి చూడాలంటే గేట్ పాస్‌కి ముందుగా 2,500 కట్టాలి, తర్వాత తిరిగిచ్చేస్తాడు. ఇల్లు చూడ్డానికి టికెట్టేమిటే, అదేమన్నా మైసూరు ప్యాలెస్సా?

తక్కినవి నీకు తెలిసినవే. ఓటీపీ ఎవరికీ చెప్పకు. ఎవడో చెప్పాడని ఫోన్‌లో కొత్త యాప్ వేసుకోకు. పోలీసు డ్రెస్సులో ఎవడైనా వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అంటే పెట్టేయ్. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నకి కూడా తెలీదు.

2023లో మీ మామయ్య రాసుకునే టేకు బల్ల అమ్ముదామనుకున్నాను. ఆయన పోయాక దాని మీద ఉతికిన బట్టలు తప్ప ఏమీ పెట్టట్లేదు. నెట్‌లో ఫొటో పెట్టిన గంటకే ఫోను. ఆర్మీలో పనట, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాడట, పిల్లాడి చదువుకి బల్ల కావాలట. అదీ తెలుగులో! ఈ ఊళ్ళో ఎన్నేళ్ళున్నా తెలుగు వినపడితే నాకు మనసు కరిగిపోతుంది. 9 వేలంటే 9 వేలే అన్నాడు. పాత బల్లని చూడకుండా, బేరమాడకుండా కొనేవాడు ఎక్కడైనా ఉంటాడా? అప్పుడు తోచలేదు.

"డబ్బు వేస్తున్నానమ్మా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడు. కొట్టాను. నావే 9 వేలు పోయాయి. "అయ్యో, పొరపాటైంది. పోయిన 9, బల్లకి 9, కలిపి 18 వేలకి ఇంకో కోడ్ పంపుతున్నా" అన్నాడు. మళ్ళీ కొట్టాను. ముప్ఫై ఏళ్ళు క్యాష్ కౌంటర్లో కూర్చుని, దొంగనోటుని వేళ్ళతో తడిమి పట్టుకున్నదాన్ని! నీ ఖాతాలో ఎవరైనా జమ చేస్తే నీ సంతకం అక్కర్లేదు, తీస్తేనే కావాలి. పిన్ అంటే ఆ సంతకమే. ఆ ముక్క ఎంతమందికి చెప్పానో నేనే.

27 వేలు పోవడం ఒకెత్తు, ఆ తర్వాత నేను చేసింది ఒకెత్తు. రెండు రోజులు నోరు విప్పలేదు. ఇలాంటి సైబర్ మోసాలకి హెల్ప్‌లైన్ 1930, దానికి ఫోన్ చేయాలని తెలుసు. నంబర్ సగం నొక్కి ఆపేశాను. ఏం చేసేవారని అడిగితే బ్యాంకులో అని ఎలా చెప్పను? మూడో రోజు మా పాత బ్రాంచికి వెళ్ళాను. నేను పని నేర్పిన కుర్రాడే కంప్యూటర్లో చూసి, తలెత్తకుండా అన్నాడు. "ఆ రోజే చెప్పుంటే అవతలి ఖాతాలో ఆపించే వీలుండేదేమో మేడమ్. ఇప్పుడక్కడ ఏమీ లేదు." ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను.

నీదీ నా బుద్ధే. ఐదో క్లాసులో లెక్కల పేపరు బియ్యం డబ్బాలో దాచావు, గుర్తుందా? నాకు భయమంతా అక్కడే. ఎంత పోయినా, ఎంత వెర్రిగా పోయినా, ముందు 1930కి చెయ్యి, తర్వాత నాకు. అర్ధరాత్రైనా సరే. తిట్టనని మాటివ్వలేను గానీ, కంప్లెయింట్ ఇచ్చాకే తిడతాను.

ఆ దుబాయ్ ఆయనకి పైసా పంపకు, అడ్రస్ మాత్రం నాకు పంపు. శనివారం సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, కుందలహళ్ళిలో దిగి ఆటోలో వెళ్తాను. వాచ్‌మన్‌ని అడిగితే అసలు ఆ ఇల్లుందో లేదో తేలిపోతుంది. ఇల్లు దొరికేదాకా మల్లేశ్వరంలో నా దగ్గరే ఉండు. బల్ల మీది బట్టలు తీసేసి తుడిచాను. నీ ల్యాప్‌టాప్‌కి సరిపోతుంది.

మీ అత్త