డయాలసిస్ మొదలవగానే వణుకు.. మెడలోని గొట్టాన్ని అనుమానించాలి

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. నాలుగు నెలలుగా మెడలో అమర్చిన పర్మ్‌క్యాత్ (డయాలసిస్ గొట్టం) ద్వారా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ఈమధ్య డయాలసిస్ మొదలైన అరగంటకే చలితో వణికిపోతున్నారు, జ్వరం వస్తోంది. ఇంటికి వచ్చాక ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేస్తే తగ్గుతోంది. మళ్లీ వెళితే మళ్లీ అదే. డయాలసిస్ పడటం లేదా? ఆపేయాలా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: డయాలసిస్ ఆపే ఆలోచన చేయకండి, ప్రాణానికే ముప్పు. వణుకు ఎప్పుడు వస్తోందో మీరు చక్కగా గమనించారు. గొట్టంలో రక్తం పారడం మొదలైన కాసేపటికే జ్వరం వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఆ గొట్టాన్నే. యంత్రానికి వాడే నీరు సరిగా శుద్ధి కాకపోయినా వణుకు వస్తుంది కానీ, అప్పుడు పక్క మంచాల వారిలోనూ కొందరికి వస్తుంది.

నీళ్ల తొట్టికి పాచి పట్టినట్టు గొట్టం లోపలి గోడకు సూక్ష్మక్రిములు జిగురు పొర కట్టుకుంటాయి. డయాలసిస్ వేళ వాటిలో కొన్ని ఊడి రక్తంలో కలుస్తాయి. ఇంజెక్షన్‌తో జ్వరం దిగుతుంది, పొర మాత్రం అలాగే ఉంటుంది. పైగా అరకొర యాంటీబయాటిక్ వల్ల ఏ క్రిమి చేరిందో పరీక్షలో తేలకుండా పోతుంది. ఆర్‌ఎంపీ చేసినవి ఏ ఇంజెక్షన్లో కాగితం మీద రాయించుకుని వెంట తీసుకెళ్లండి.

తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఈ రోజే నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టడానికి ముందే బ్లడ్ కల్చర్‌కు (ఏ క్రిమి చేరిందో తేల్చే రక్తపరీక్షకు) రక్తం తీయాలి, వీలైతే గొట్టం నుంచీ చేతి నరం నుంచీ విడివిడిగా. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా గానీ ఫంగస్ గానీ తేలితే సాధారణంగా గొట్టాన్ని తీసేయాల్సిందే. మరికొన్ని క్రిములైతే, రెండు మూడు రోజుల్లో జ్వరం తగ్గితే, గొట్టాన్ని మార్చి మందులు కొనసాగించవచ్చు. జ్వరం పోయిందని మందులు మధ్యలో మానకూడదు. క్రిమి గుండె కవాటాలకో వెన్నుపూసకో చేరితే చికిత్స వారాల తరబడి సాగుతుంది. నడుము నొప్పి కొత్తగా మొదలైతే తప్పక చెప్పండి. షుగరు ఉన్నవారిలో ఒక్కోసారి జ్వరమే ఉండదు. మగతగా ఉన్నా, బీపీ పడిపోయినా, గొట్టం దగ్గర ఎర్రబడినా, చీము కనిపించినా అదే తొందర చూపాలి.

ఇక జాగ్రత్తలు. గొట్టం మూతలు తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ సిబ్బందీ మీ నాన్నగారూ మాస్కు పెట్టుకోవాలి. గొట్టం కొసలను క్రిమిసంహారక మందుతో బాగా రుద్దాకే కలపాలి. హడావిడిలో ఈ పనికి కోత పడుతుంది. మొహమాటపడకుండా అడగండి, మంచి నర్సు ఏమీ అనుకోదు. సెలైన్ ఎక్కించడానికి గానీ రక్తం తీయడానికి గానీ ఊళ్లో ఎవరినీ ఆ గొట్టం ముట్టుకోనివ్వకండి.

మన వైపు ఎండలకు చెమట పట్టి గొట్టం మీద వేసిన ప్లాస్టరు అంచులు లేచిపోతాయి. తడిసినా ఊడినా వారం గడువు దాకా ఆగకుండా మార్పించాలి. చాలామంది పెద్దవాళ్లు మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని దానితోనే ముఖం, చెమట తుడుచుకుంటూ ఉంటారు. ఆ తువ్వాలు రోజంతా గొట్టాన్ని రాస్తూనే ఉంటుంది, దాన్ని మాన్పించండి. తల మీద నుంచి స్నానం వద్దు. మెడ కిందికి నీళ్లు పోసుకుని, పైభాగం తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు.

నాలుగు నెలలైనా గొట్టంతోనే నెట్టుకొస్తున్నారంటే ఫిస్టులా సంగతి ఎవరైనా చెప్పారో లేదో! చేతిలో ధమనినీ సిరనూ కలిపే చిన్న ఆపరేషన్ అది. గొట్టంతో పోలిస్తే ఇన్ఫెక్షన్ ముప్పు చాలా తక్కువ. అది వాడకానికి సిద్ధమవడానికి ఒకటి రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి ఈ జ్వరం పూర్తిగా తగ్గగానే అడగండి. ఆరోగ్యశ్రీ కింద వీలవుతుందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కనుక్కోండి. మామూలుగా ఎడమ చేతికి చేస్తారు. ఇప్పటి నుంచే ఆ చేతికి సూది పొడవనివ్వకండి, కల్చర్‌కు రక్తం కుడిచేతి నుంచే తీయమనండి.