బొమ్మ కంటే ముందు పేరు చూడు

విజయవాడ

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

జనవరిలో పుస్తకాల పండక్కి వస్తానన్నావు, సంతోషం. అట్ట చూసి మోజుపడి కొన్నవి నెల తిరిగేసరికి వెలవెలబోతున్నాయనీ, మంచి అట్టను ఎలా గుర్తుపట్టాలనీ అడిగావు. పండగ స్టాళ్ల హడావిడిలో ఆ పని కుదరదు. ఒకరోజు ముందే రా. ఏలూరు రోడ్డులో ఏ పుస్తకాల షాపుకైనా మధ్యాహ్నం పూట వెళ్తే నిదానంగా చూసుకోవచ్చు.

అందరూ ముందు బొమ్మ చూస్తారు. నువ్వు పుస్తకం పేరు చూడు. తెలుగు అట్టలో కష్టమంతా అక్కడే ఉంటుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. పేరు రెండు వరుసల్లో పడిందంటే పై వరుస వత్తూ కింది వరుస గుడీ గుద్దుకుంటాయి. చేతకానివాడు వరుసలను దూరం జరుపుతాడు, దాంతో ఒక పేరు కాస్తా రెండు పేర్లలా విడిపోతుంది. పని తెలిసినవాడు వత్తు దిగేచోట కింద గుడిలేని అక్షరం వచ్చేలా మాటలను అటూఇటూ జరుపుతాడు, లేదా వత్తునే కాస్త కురచ చేస్తాడు. ‘స్త్రీ’ లాంటి అక్షరాన్ని ఎలా సర్దారో దగ్గరగా పెట్టుకుని చూడు, మనిషి పనితనం తెలిసిపోతుంది.

పేరులో సున్న ఉంటే దాన్నీ వదలకు. చోటు నింపడానికి ఫాంటును అడ్డంగా సాగదీస్తే సున్న పడుకోబెట్టిన కోడిగుడ్డులా అవుతుంది, పక్కలు లావెక్కి పైనా కిందా గీత సన్నగానే ఉండిపోతుంది. ఇంకో ఘోరం, ‘కృష్ణ’ కాస్తా ‘కృష్‌ణ’ అయిపోవడం. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపులకు కావలసిన సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు ఇలా విడిపోతాయి. అట్ట మీదే ఇలా ఉంటే లోపల ప్రూఫులు ఎలా చూసి ఉంటారో ఊహించుకో.

చేత్తో రాసిన పేరో ఫాంటో తేల్చుకోవడం తేలిక. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చినచోట పోల్చి చూడు. అచ్చుగుద్దినట్టు ఉంటే దాదాపుగా ఫాంటే. బాపు (1933–2014) చేతిరాత తర్వాత ఫాంటుగా కూడా వచ్చింది కాబట్టి, ఆ వంపులు కనిపించిన ప్రతి అట్టా ఆయన చేతిది కాదు.

ఇక బొమ్మ. బ్లాకులతో అచ్చువేసే రోజుల్లో రంగుకో బ్లాకు, బ్లాకుకో ఖర్చు. అందుకని చిత్రకారులు రెండు మూడు రంగులతోనే సరిపెట్టేవారు. కాగితం తెలుపును ఇంకో రంగుగా వాడుకునేవారు, పసుపు మీద నీలం వేసి ఆకుపచ్చ రాబట్టేవారు. పాత పుస్తకాల షాపుల్లో బాపు, చంద్ర, శీలా వీర్రాజు వేసిన అట్టలు దొరికితే ఎన్ని రంగులు వాడారో లెక్కపెట్టు. ఇప్పుడు నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చులో ఏ రంగైనా వస్తుంది కదాని అన్నీ కుమ్మరిస్తున్నారు. భూతద్దం పెట్టి చూస్తే నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు కనిపిస్తాయి. ముదురు రంగు మీద తెల్లగా వదిలిన చిన్న అక్షరాల అంచున ఎర్రటి నీడో నీలపు నీడో ఉంటే, రంగుకొకటి చొప్పున ఉండే అచ్చు ప్లేట్లు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోలేదన్నమాట. అది ప్రెస్సు తప్పే అయినా, అలాంటిచోట సన్న అక్షరాలు పెట్టిన డిజైనరుకూ అందులో వాటా ఉంది.

ఈమధ్య కంప్యూటర్ పుట్టించిన బొమ్మలు ఎక్కువయ్యాయి. వేళ్లు, చీర కుచ్చిళ్లు, వెనకాల బోర్డుల మీది రాతలు చూడు. ఏ భాషకూ చెందని అక్షరాలు కనిపిస్తే బొమ్మ ఎక్కడిదో అర్థమవుతుంది.

పుస్తకాన్ని చేతిలోకి తీసుకో. అట్టకు మామూలుగా 250 నుంచి 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువని) ఆర్ట్ కార్డు వాడతారు. అట్ట పైకి లేచి వంకర తిరిగిందంటే కారణం తేమ. లామినేషన్, అంటే పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్, బయటివైపే ఉంటుంది. లోపలివైపు కాగితం తేమ పీల్చి సాగుతుంది, ఫిల్మ్ సాగదు. కృష్ణ ఒడ్డున వానాకాలంలో ఇది మామూలే. కాగితం పోగు, అంటే అందులో నారలు సాగే దిశ, స్పైన్‌కు (పుస్తకం వీపుకు) అడ్డంగా పడితే మడతచోట పగులు కూడా వస్తుంది. మెరుపు లేని మ్యాట్ లామినేషన్ చూపుకు హాయిగానే ఉంటుంది కానీ, నల్లటి అట్ట మీద గోటి గీతలూ వేలిముద్రలూ పట్టిస్తుంది. నెల తిరిగేసరికి వెలవెలబోయాయన్నవి చాలావరకు ఇవే అయి ఉంటాయి.

స్పైన్ దగ్గర ఎక్కువసేపు ఆగు. 70 జీఎస్‌ఎమ్ కాగితం మీద 200 పేజీల పుస్తకమంటే 100 ఆకులు, మందం సుమారు 9, 10 మిల్లీమీటర్లు. పేజీలు ఖరారు కాకముందే అట్ట తయారుచేస్తే స్పైన్ రంగు ముందట్ట మీదికి పాకుతుంది, పేరు ఒక పక్కకు ఒరుగుతుంది. ఇంట్లో బీరువాలో ఏళ్ల తరబడి నీకు కనిపించేది స్పైనే, అయినా మనవాళ్లు దాన్ని పట్టించుకునేది చివర్లో. వెనకట్ట సంగతి రెండు ముక్కల్లో: రచయిత ఫొటో, ప్రశంసలు, ధర, బార్‌కోడ్ ఒకదాన్నొకటి తోసుకోకూడదు, బార్‌కోడ్ గీతల వెనక తెలుపు ఉండాలి.

తర్వాత పుస్తకాన్ని బల్లమీద నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్లు. పేరు చదవగలుగుతున్నావా? ఫోనులో ఫొటో తీసి బొటనవేలి గోరంత చేసి చూడు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు కనిపించేది ఆ సైజే. అలాగని చిన్నగా చేసినప్పుడు పేరు అందకపోతే అట్ట చెడ్డదని తేల్చేయకు. కవిత్వం పుస్తకానికి సన్నని అక్షరం, బోలెడంత ఖాళీ నప్పుతాయి.

బొమ్మ కథకు తగిందో లేదో మాత్రం షాపులో చెప్పలేవు. చదివాక మళ్లీ అట్ట చూడు. పేరులో నది ఉందని నది బొమ్మ పెట్టడం తప్పు కాదు, నా లెక్కలో బద్ధకం. చదవకముందు మామూలుగా కనిపించిన ఏ కుర్చీయో గొళ్లెమో చదివాక వేరేగా కనిపిస్తే ఆ చిత్రకారుడు రాతప్రతి చదివాడని నమ్మొచ్చు.

నచ్చిన అట్టల ఫొటోలు తీసేటప్పుడు ముందు, స్పైన్, వెనక మూడూ తియ్యి. టైటిల్ పేజీ వెనకవైపు ‘ముఖచిత్రం’ అని ఎవరి పేరుందో దాన్నీ ఫొటో తియ్యి. అక్కడ లేకపోతే బొమ్మ మూల సంతకం వెతుకు. కొన్నిసార్లు కటింగ్‌లో సగం ఎగిరిపోయి ఉంటుంది.

ఉంటాను,
మీ పెదనాన్న