జొన్నకు ముందు సోమవారం నేర్పండి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు, అల్లుడు గారికి, ప్రొద్దుటూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

మీ కుక్కపిల్ల జొన్నను వచ్చే ఆదివారం గండికోటకు తీసుకెళ్లొచ్చా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఎందుకు వద్దో ఫోన్లోనే చెప్పేవాణ్ణి గానీ, నీకు స్కూల్ కాంప్లెక్స్ టీచర్ల మీటింగ్ టైమైంది, నాకేమో రెండు ముక్కల్లో తేల్చే అలవాటు లేదు. "రాసి పంపండి, ఇద్దరూ చదువుకుంటారు, రేపు నువ్వన్నావంటే నువ్వన్నావని కొట్లాడుకోరు" అని మీ పెద్దమ్మ అంది.

మేమూ టీచర్ల జంటమే కదా, మీ ఇంటి గడియారం నాకు తెలుసు. ఎనిమిదింటికి ఇంటికి తాళం. తొమ్మిదిలోపు నీ ముఖం నీ బడిలో, ఆయన ముఖం ఆయన హైస్కూల్లో హాజరు యాప్‌కు చూపించాలి. తాళం మళ్లీ తీసేది సాయంత్రం ఐదు దాటాకే. మీరిద్దరూ కుక్కపిల్లను సెలవుల వైపు నుంచి చూస్తున్నారు. ఈ నెల గండికోట, తర్వాత హార్స్‌లీ హిల్స్, వేసవిలో అరకు. దాని బతుకులో మాత్రం ఎక్కువ రోజులు బడి రోజులే. అందుకని ఇంట్లో ఒంటరిగా కుదురుగా ఉండటం ముందు నేర్పండి. ప్రయాణాల సంగతి తర్వాత.

పగలంతా ఏడుస్తోందని ఇంటి ఓనరు అన్నాడట. ఏడవక ఏం చేస్తుంది? బడి వంటగది వెనక దొరికిన పిల్లను సంక్రాంతి సెలవులకు ముందు ఇంటికి తెచ్చారు. సెలవులన్నీ మీ ఒళ్లోనే గడిపింది. బడి తెరిచిన రోజున ఒక్కసారిగా ఇల్లంతా ఖాళీ. మీరు సాయంత్రం వస్తారని దానికెవరు చెప్పారు?

ఇవాళ సాయంత్రం నుంచే మొదలుపెట్టండి. మీరు బయల్దేరే ముందు చేసే పనులన్నీ దానికి ఈపాటికే కంఠతా వచ్చేసి ఉంటాయి. రేపు పొద్దున గమనించు, క్యారియర్ క్లిప్పు టక్కుమనగానే నిద్రలోంచి లేస్తుంది, తోక దించుకుని వచ్చి గడపకు అడ్డంగా పడుకుంటుంది. ఆ చప్పుళ్లంటే దానికి లెక్కలేకుండా పోవాలి. తాళాలు చేతిలోకి తీసుకుని టీవీ ముందు కూర్చో. చెప్పులేసుకుని పెరట్లో బట్టలు ఆరేసి రా. క్యారియర్ కట్టి మళ్లీ విప్పెయ్. అది తల కూడా ఎత్తనప్పుడు నిజంగా బయటికి పోండి, రెండే నిమిషాలు. అది గొంతు ఎత్తకముందే లోపలికి వచ్చెయ్యాలి. తర్వాత ఐదు నిమిషాలు, పది, అరగంట. ఏడుస్తుంటే పరుగెత్తి తలుపు తియ్యకండి, ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. కాస్త ఊపిరి తీసుకోవడానికి ఆగుతుంది చూడు, అప్పుడు తియ్యండి. మరీ వణికిపోతూ, చొంగ కారుస్తూ, తలుపు గీరుతూ ఉంటే మీరు తొందరపడ్డారని అర్థం. వెనక్కి, రెండు నిమిషాల దగ్గరికి.

వెళ్లేటప్పుడు గడప దగ్గర నిలబడి "బంగారూ, సాయంత్రం వచ్చేస్తాం" అని ప్రవచనం చెప్పొద్దు. వచ్చాక కూడా చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, దాని గంతులు తగ్గాక పలకరించండి. ఇది అల్లుడు గారికి సులువే, నీకే కష్టం.

ఎంత నేర్పినా రెండున్నర నెలల పిల్ల మూడు గంటలకు మించి ఒంటేలు ఆపుకోలేదు. రోజుకు మూడు నాలుగుసార్లు తిండి కూడా పెట్టాలి. కాబట్టి పగలు రెండుసార్లు ఎవరో తలుపు తీసి, పెరట్లోకి వదిలి, గిన్నెలో ఇంత వేసి వెళ్లాలి. ఎదురింటి అవ్వకు అదంటే ముద్దని చెప్పావు కదా, ఆమెనే అడగండి. ముద్దు ఉంది కదా అని ఊరికే చేయించుకోవద్దు, నెలకింత అని మాట్లాడుకోండి. మొహమాటానికి చేసే పని నాలుగు రోజులుంటుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఈ బాధ సగం తీరుతుంది. వేసవి సెలవులు మాత్రం మళ్లీ ప్రమాదమే. నలభై రోజులపైన దాన్ని అంటిపెట్టుకుని కూర్చుంటే జూన్ 12న బడి తెరవగానే సంక్రాంతి కథే మళ్లీ మొదలవుతుంది. సెలవుల్లో కూడా రోజూ గంటో రెండు గంటలో దాన్ని వదిలి బయటికి పోండి. సినిమాకే పోండి, నాకేం.

తిండి సంగతి. పెరుగన్నం మంచిదే కానీ అదొక్కటే పెడితే కండ పట్టదు. మన సంగటి మెత్తగా కలిపి ఉడకబెట్టిన గుడ్డు చిదిమి వెయ్యండి, ఒకరోజు ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన చికెన్. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం లాంటివి. ఉల్లిపాయలేసిన బొరుగుల ఉగ్గాని మిగిలింది కదా అని దాని గిన్నెలో వెయ్యొద్దు. ద్రాక్ష, చాక్లెట్ కూడా పనికిరావు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఒళ్లు వెచ్చగా ఉందని మన మాత్రలు సగం విరిచి మింగించడం మన ఇళ్లలో మామూలు. మన పారాసెటమాల్, నొప్పుల మాత్రలు కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి. పశువుల డాక్టరు రాసినవే వెయ్యాలి.

గండికోట ఇప్పుడు వద్దనడానికి పెద్ద కారణం టీకాలు. మొదటి డోసు పడింది, సంతోషం. నాలుగు నెలల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్ పడాలి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఈ మధ్యలో పార్వో అనే జబ్బు పట్టిందంటే వాంతులు, నెత్తుటి విరేచనాలతో పిల్ల రెండు మూడు రోజుల్లో పోతుంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. గండికోటలో ఊరకుక్కలు తిరిగే చోటే మనమూ తిరగాలి. చివరి డోసు పడి రెండు వారాలు గడిచేదాకా దాన్ని పరాయి నేల మీద దించొద్దు. సంకనెత్తుకుని వీధి చివరి దాకా తీసుకెళ్లి ఆటోలు, ట్రాక్టర్లు, మేకలు చూపించండి. అది చాలు.

రేబిస్ గురించి కాస్త గట్టిగానే చెప్తున్నా, ఎందుకంటే మీ ఇంటికి బడిపిల్లలు వస్తారు. దొరికిన పిల్ల, తల్లి ఏదో తెలియదు. కుక్కపిల్ల పంటి గీత కూడా గీతే. ఎవరికి తగిలినా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. టీకా అక్కడ ఉచితం, చెప్పిన తేదీల్లో డోసులన్నీ పూర్తి చేయించాలి. సున్నం, పసుపు, కారం పెట్టే పెద్దలు ఇంకా ఉన్నారు, వినొద్దు. ఈ జబ్బు లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అల్లుడు గారూ, మీరు బయాలజీ చెప్తారు కాబట్టి ఒక మాట. 1885లో పాశ్చర్ టీకా అందుకున్న జోసెఫ్ మీస్టర్ తొమ్మిదేళ్ల పిల్లవాడు. సూక్ష్మజీవుల పాఠం ఆ పిల్లవాడితో మొదలుపెట్టి, జొన్న టీకా కార్డు తరగతిలో చూపించండి. అంతకంటే మంచి టీఎల్ఎం (బోధనోపకరణం) దొరకదు.

ఇక గండికోట. మార్చిలో టీకాలన్నీ అయ్యాక తప్పకుండా వెళ్లండి, మీ జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే కదా. అయితే ఎండ ముదిరిపోతుంది కాబట్టి సాయంత్రం సూర్యాస్తమయం పిచ్చి వదిలెయ్యండి. పగలంతా కాగిన బండ పొద్దు వాలినా చల్లారదు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, పెన్నా లోయ మీద ఎండ పడటం చూసి, తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి. కుక్కను దించేముందు అరచేతి వెనక భాగం బండకు ఆనించి ఏడు లెక్కపెట్టు. నీ చేయి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. మనలాగా దానికి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. రొప్పుడు మరీ ఎక్కువై, కాళ్లు తడబడి, చిగుళ్లు ఎర్రబడితే నీడకు తెచ్చి, పొట్ట, తొడల సందులు, పాదాలు మామూలు నీళ్లతో తడపాలి, ఐసు వద్దు, నేరుగా డాక్టరు దగ్గరికి పోవాలి.

అంచు దగ్గర దాన్ని అసలు విడవొద్దు. మెడపట్టీకి కాకుండా ఛాతీ బెల్టుకు తాడు కట్టండి, తాడు కొస మణికట్టుకు చుట్టుకోండి. కోతి ఎదురైతే జొన్నకు లోయా తెలియదు, మీరూ గుర్తుండరు. ఒక చేత్తో తాడు, ఒక చేత్తో సెల్ఫీ అస్సలు వద్దు, ఇది అల్లుడు గారికి. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడాలంటే ఒకరు లోపలికి, ఒకరు దాంతో బయట, తర్వాత మారండి. ఇంటికొచ్చాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు వెతకండి. అవి తెచ్చే జ్వరానికి కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి. ముదరక ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మందుంది.

కారు ఇప్పటి నుంచే అలవాటు చెయ్యొచ్చు. ముందు ఆగి ఉన్న ఆల్టోలో వెనక సీట్లో కూర్చోబెట్టి నాలుగు గుడ్డు ముక్కలు పెట్టండి. తర్వాత వీధి చుట్టూ ఒక రౌండు. ఆ తర్వాత మైలవరం డ్యామ్ దాకా, దించకుండా. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు తిండి ఆపితే వాంతులు తగ్గుతాయి. టీ తాగొస్తామని అద్దాలెత్తి కారులో వదిలిపోవద్దు, నీడలో పెట్టినా సరే. స్కూటీ ముందు కాళ్ల దగ్గర నిలబెట్టి తిప్పే వీడియోలు చూశావేమో, అవి చూసి ఊరుకో.

అన్ని ఊళ్లకూ దాన్ని మోసుకుపోవాలని లేదు. తలకోన అడవి, అహోబిలం వైపు నల్లమల వన్యప్రాణుల చోట్లు. మన కుక్క జబ్బులు వాటికి, వాటి జబ్బులు మన కుక్కకు. బెలుం గుహల్లో మనకే చెమటలు కారతాయి. హార్స్‌లీ హిల్స్ బాగుంటుంది, నాలుగు వేల అడుగుల ఎత్తు, చల్లగా ఉంటుంది. గది బుక్ చేసేటప్పుడే కుక్క ఉందని చెప్పండి, అక్కడికెళ్లాక దాచిపెట్టే నాటకాలు వద్దు. అరకుకు మాత్రం మీరిద్దరే పోండి. రైల్లో కుక్కను స్లీపర్లోనో థర్డ్ ఏసీలోనో పక్కన పెట్టుకోనివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీదైతేనే వెంట ఉంటుంది. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు దగ్గరి పెట్టెలో వెయ్యాలి, మే నెలలో ఆ పని శత్రువు కుక్కకు కూడా చెయ్యకూడదు. దాన్ని మా దగ్గర వదిలి, విశాఖ నుంచి ఆ సొరంగాల దారి కిటికీ పక్కన కూర్చుని చూడండి. కొత్తగా పెళ్లైనవాళ్లకు అప్పుడప్పుడూ కుక్క కూడా అడ్డమే.

ఇంకొకటి, చెప్పాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. జొన్నకు జ్వరమొస్తే సీఎల్ (క్యాజువల్ లీవు) ఎవరు పెట్టాలన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. ఒకసారి ఆమె, ఒకసారి మీరు, అల్లుడు గారూ. "నాకు పదో తరగతి ఉంది" అనేది మంచి సాకే, అయితే ఒకటో తరగతి పిల్లలను వదిలి రావడం అంతకంటే తేలికేం కాదు. ఏప్రిల్లో మీకు స్పాట్ వాల్యుయేషన్ (పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ) పడితే కడప నుంచి వచ్చేసరికి రాత్రవుతుంది, ఆ రోజులు ఆమెవి. ఆ తర్వాత పొద్దున నడకలన్నీ మీవి. సాయంత్రం నడకకు ఇద్దరూ వెళ్లండి, ఫోన్లు ఇంట్లో పెట్టి. మార్కుల ఎంట్రీ, హెడ్మాస్టరు అన్న మాట, గ్రూపులో వచ్చిన కొత్త ఆర్డరు గేటు బయటికి రాకూడదు. మీ పెద్దమ్మ పెట్టిన రూలిది, మా ఇంట్లో ఇంకా నడుస్తోంది, నేను రిటైరైనా.

మొదటిసారి దాన్ని ఒక రాత్రి మా దగ్గర వదలడం అరకు దాకా ఆపొద్దు, మార్చిలోనే ఒక శనివారం తీసుకురండి. టీకా కార్డు, అది తినే గిన్నె, పడుకునే గోనెపట్ట తెండి. పట్టను ఉతకొద్దు, మీ ఇంటి వాసన ఉండాలి. ఏ శనివారమో ముందే చెప్పండి, రెండో శనివారం నాకు పెన్షనర్ల మీటింగ్ ఉంది, మీ పెద్దమ్మ ఒక్కతే దాంతో వేగలేదు.

ఇట్లు,
పెదనాన్న