పాత వర్క్‌స్టేషన్‌లో లైనక్స్: టైమ్ వేస్టా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ సెకండియర్. సెకండ్ హ్యాండ్ షాపులో హెచ్‌పీ జడ్420 అనే పెద్ద వర్క్‌స్టేషన్ కంప్యూటర్ డబ్బా కొనుక్కొచ్చాడు. అందులో విండోస్ 11 ఎక్కలేదు. విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తానని రాత్రంతా దాని ముందే కూర్చుంటున్నాడు, నిన్నయితే స్క్రీన్ మొత్తం నలుపే. అది అమ్మేసి కొత్త ల్యాప్‌టాప్ కొనివ్వమంటారా?

జవాబు: అమ్మకండి సార్. అది 2012 నాటి మోడల్, దాని ఇంటెల్ జియాన్ ప్రాసెసర్ విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల లిస్టులో లేదు, విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంతేగానీ మెషిన్ చెడిపోలేదు.

నల్ల స్క్రీన్ సంగతి ముందు చూద్దాం. చాలాసార్లు తప్పంతా పాత క్వాడ్రో గ్రాఫిక్స్ కార్డుదే. కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బూట్ మెనూలో 'ఇ' (e) నొక్కి, లైనక్స్ (linux) అని మొదలయ్యే లైన్ చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని టైప్ చేసి ఎఫ్10 కొట్టమనండి. అప్పుడు తెర వస్తే గొడవ కార్డు దగ్గరే అని అర్థం. ఎందుకు రాలేదో, ఏం చేస్తే వచ్చిందో అదే రోజు ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి, ఎందుకంటే లైనక్స్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో సర్వర్ బూట్ కాకపోతే ఏం చేస్తావని అడిగే అవకాశం ఎక్కువ, బట్టీ పట్టినవాడు అక్కడే నీళ్లు నములుతాడు.

ఏ లైనక్స్ వేయాలి? రోజువారీ వాడకానికి డెబియన్ 13 అనే లైనక్స్ రకం హాయిగా నడుస్తుంది. అయితే లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ల అడ్మిన్ సర్టిఫికెట్ కోసం పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్ష రాసే ఆలోచన ఉంటే (అందులో బిట్లు ఉండవు, మెషిన్ మీద పని చేసి చూపించాలి) ఒక చిక్కుంది. ప్రాక్టీసుకు వేసే రెడ్ హ్యాట్ లైనక్స్ 10కి ఏవీఎక్స్2 అనే సదుపాయం ఉన్న ప్రాసెసర్ కావాలి, ఈ తరం జియాన్‌కి అది లేదు, కాబట్టి బూట్ మధ్యలోనే ఆగిపోతుంది. వాడు మళ్లీ రాత్రంతా తల పట్టుకుని కూర్చోకుండా, రెడ్ హ్యాట్ లాగే పనిచేసే ఉచిత ఆల్మాలైనక్స్ 10లో పాత ప్రాసెసర్ల కోసం వేరుగా ఇచ్చే వీ2 వెర్షన్ దించుకోమనండి. ర్యామ్ 32 జీబీ ఉంటే కేవీఎమ్‌తో (లైనక్స్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) మూడు నాలుగు వర్చువల్ మెషిన్లు, అంటే కంప్యూటర్ లోపలే నడిచే కంప్యూటర్లు పెట్టి, ఒకదాంట్లో వెబ్ సర్వర్, ఒకదాంట్లో డేటాబేస్ నడిపి, కావాలనే పాడు చేసి బాగుచేసుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్‌లో ఇంత చోటు దొరకదు.

ఏఐ మోడల్స్ ట్రైన్ చేస్తానంటే మాత్రం వద్దనండి, ఆ పాత గ్రాఫిక్స్ కార్డుతో అయ్యే పని కాదు. కరెంటు బిల్లు టెన్షన్ మీకుంటుంది కాబట్టి చెప్తున్నా: సగటున 100 వాట్లు, రోజుకు 8 గంటలు అనుకుంటే నెలకు 24 యూనిట్లు.

ల్యాప్‌టాప్ ఎప్పుడంటే, థర్డ్ ఇయర్ చివర్లో. ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్టులు కొన్ని కెమెరా అడుగుతాయి, కొన్ని లైనక్స్‌లో తెరుచుకోవు. అప్పటికి విండోస్ 11 ఎక్కే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది.