న్యాయం కోసం జీడితోట రాసివ్వకండి, అమ్మా

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. మా బాబుకి 23 ఏళ్లు, పెళ్లి కాలేదు. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేసేవాడు, జీతం 18 వేలు. రెండు నెలల క్రితం రాత్రి షిఫ్టు దిగి బండి మీద రూముకి వెళ్తుంటే హైవే మీద లారీ గుద్దేసింది, పోయాడు. డ్రైవరుకి బెయిలొచ్చింది, మళ్లీ లారీ తోలుతున్నాడట. నాకు డబ్బు వద్దు, వాడికి శిక్ష పడాలి. విశాఖ నుంచి పెద్ద లాయరుని పెట్టాలంటే 3 లక్షలన్నారు. ఊళ్లో ఒకాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానని, 80 సెంట్ల జీడితోటకి సేల్ అగ్రిమెంటు రాయమంటున్నాడు. బ్యాంకులో 90 వేలు, ఇంట్లో మూడు తులాల బంగారం ఉన్నాయి. మా ఆయనా నేనూ జీడి ఫ్యాక్టరీ పనికే వెళ్తాం, ఇద్దరికీ కలిపి నెలకి 17 వేలు. అమ్మాయి నర్సింగ్ ఫీజుతో కలిపి ఖర్చు 16 వేలు. అప్పు తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. మీ ఉత్తరం చదివాక ఓదార్పు మాటలు రాయడానికి చేయి రాలేదు. నాకు వచ్చింది లెక్కలు, అవే రాస్తాను.

3 లక్షలకి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 9 వేలు. మీకు నెలాఖరుకి మిగిలేది వెయ్యి. మిగతా 8 వేలు ఎక్కడ తెస్తారు? మొదట ఆగేది అమ్మాయి ఫీజే. కేసు మూడేళ్లు నడిస్తే వడ్డీయే 3 లక్షల 24 వేలు, అసలు అలాగే ఉంటుంది. పైగా ఆయన ప్రోనోటు కాకుండా సేల్ అగ్రిమెంటు అడుగుతున్నాడు. అంటే ఆయన కన్ను వడ్డీ మీద లేదు, తోట మీదే ఉంది. 2018లో తిత్లీ తుపాను పడగొట్టాక ఉద్దానంలో జీడిమొక్క మళ్లీ నాటి కాపుకి తెచ్చుకోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? కన్నీళ్లతో ఉన్న ఇంటికి ఇలాంటి కాగితం పట్టుకొచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు ఆ 3 లక్షలు దేనికి? క్రిమినల్ కేసు నడిపేది మీరు కాదు, ప్రభుత్వం. మీ తరఫున వాదించేది ప్రభుత్వ ప్రాసిక్యూటరు, ఆయనకి మీరు పైసా ఇవ్వక్కర్లేదు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే చట్టంలో గరిష్ఠంగా ఐదేళ్ల జైలు ఉంది. ఆ శిక్ష పడటం సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది, లాయరు ఫీజుని బట్టి కాదు. ఆయనకి తోడుగా మీకూ ఒక లాయరు కావాలనుకుంటే శ్రీకాకుళం కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

నా దగ్గరికొచ్చే ఇలాంటి ఉత్తరాలన్నిటిలో తప్పు ఒకటే. ఎక్కువ ఖర్చు పెడితే ఎక్కువ న్యాయం దొరుకుతుందనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. అప్పు తెచ్చినవాళ్లే ముందు రాజీపడతారు. చీపురుపల్లి వైపు ఒక దంపతులు వడ్డీ కట్టలేక, రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌లో ఇస్తామన్న మొదటి మొత్తానికే సంతకం పెట్టేశారు. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు. చేతిలో ఆరు నెలల ఖర్చు ఉంటే వాళ్లు ‘కుదరదు’ అని లేచి వచ్చేవాళ్లు. ప్రతి ఉత్తరంలో అత్యవసర నిధి, అత్యవసర నిధి అని నేను విసిగించేది ఇందుకే. మీ ఆరు నెలల ఖర్చు 96 వేలు. మీ దగ్గర 90 ఉన్నాయి. ఇంకో 6 వేలు కలిస్తే సరిపోతుంది. ఆ డబ్బు కర్మకాండల బాకీకీ లాయరుకీ చుట్టాల చేబదులుకీ కదలకూడదు. తప్పనిసరైతే బంగారం బ్యాంకులో పెట్టండి, అంతే.

డబ్బు వద్దన్నారు. మీ మనసు అర్థమైంది. కానీ ప్రమాద నష్టపరిహారం కోసం క్లెయిము వేసినంత మాత్రాన డ్రైవరుకి శిక్ష తగ్గదు, రెండూ వేర్వేరు కేసులు. క్లెయిములోనూ తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది. లారీకి ఇన్సూరెన్స్ ఉంటే కట్టేది ఆ కంపెనీ. లెక్క ఇలా వేస్తారు: ఏడాది జీతం 2,16,000. భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 3,02,400. పెళ్లి కానివాళ్లకి సొంత ఖర్చు కింద సగం తీసేస్తే 1,51,200. ఆ వయసుకి 18తో గుణిస్తారు, 27,21,600. బాబు తప్పు కొంత ఉందని తేల్చితే తగ్గుతుంది. ఇందులో పావు వంతు నాకిస్తే చూసుకుంటానని ఎవరైనా వస్తారు చూడండి, పావు వంతంటే 6 లక్షల 80 వేలు! లాయర్లు పర్సంటేజీ మీద కేసు ఒప్పుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. ప్రమాదం జరిగిన 6 నెలల లోపు వేయాలి, మీకు మిగిలింది నాలుగే.

ఇంకొన్ని చిన్నవి. కంపెనీలో పీఎఫ్ కోసి ఉంటే, పీఎఫ్ డబ్బు కాక ఈడీఎల్‌ఐ ఇన్సూరెన్స్ వేరే వస్తుంది, హెచ్‌ఆర్‌ని అడగండి. బాబు పాస్‌బుక్‌లో ప్రభుత్వ బీమా పథకాల కింద మే నెలాఖరున 20 రూపాయలు గానీ 436 గానీ కోత ఉందేమో చూడండి, ఒక్కోదానికి 2 లక్షల బీమా. ఉంటే రేపే బ్యాంకుకి వెళ్లండి. బండి బాబు పేరనే ఉండి, పాలసీలో ఓనర్ డ్రైవర్ కవర్ (బండి నడిపే యజమానికి ప్రమాద బీమా) ఉంటే, లైసెన్సు కూడా ఉంటే అదొక 15 లక్షలు, లారీ క్లెయిముతో సంబంధం లేదు. మీ ఆయనకి 50 దాటకపోతే ఆ 20, 436 రూపాయల బీమాలు రెండూ ఆయన పేర వెంటనే కట్టించండి.

శ్రీకాకుళం వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, బాబు ఆధార్, కంపెనీ ఐడీ పట్టుకెళ్లండి. బాబు ఫోను ఎవరికీ ఇవ్వకండి, సిమ్ము రీచార్జి చేయిస్తూ ఉండండి. నెలనెలా జీతం పడిన మెసేజీలు అందులో ఉంటాయి, ఒక్కటి కూడా తీసేయొద్దు.